లేబర్ రూమ్ పోస్టింగ్ పడిందా? కాన్పుల గదిలో పని ఎలా నేర్చుకోవాలో మొదటి నుంచి చివరి దాకా

బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎమ్ చదివే పిల్లలకి లేబర్ రూమ్ పోస్టింగ్ అనగానే మొదట పట్టుకునే టెన్షన్ రికార్డు గురించే. ఎన్ని కాన్పులు చూడాలి, ఎన్ని చెయ్యాలి, సంతకం ఎవరు పెడతారు. దాంతో ఏమవుతుందంటే, తల కనిపించే టైమ్‌కి పది మంది పరిగెత్తుకొచ్చి టేబుల్ చుట్టూ నిలబడతారు, బిడ్డ ఏడవగానే ఐపీ నంబర్ (ఆ తల్లి అడ్మిషన్ నంబర్) రాసుకుని వెళ్లిపోతారు. ఆ తల్లి ఎప్పుడు అడ్మిట్ అయింది, నొప్పులు ఎలా పెరిగాయి, కాన్పయ్యాక ఎంత రక్తం పోయింది అని అడిగితే ఆ పది మందిలో ఒక్కరూ చెప్పలేరు.

ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ బ్యాచ్ తర్వాత బ్యాచ్‌ని చూస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటే: షిఫ్టుకి ఒక్క తల్లిని ఎంచుకోండి, ఆవిడ లోపలికి వచ్చినప్పటి నుంచి కాన్పయ్యాక రెండు గంటల దాకా పక్కనే ఉండండి. పది కాన్పులు దూరం నుంచి చూసినా రాని పని ఇలా ఒక్క కాన్పులో వస్తుంది. కింద రాసిందంతా ఆ ఒక్క తల్లి చుట్టూ తిరుగుతుంది. ఎంబీబీఎస్ వాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

ముందు రోజు

పెద్దగా చదవక్కర్లేదు. కాన్పు నాలుగు దశలు, బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడానికి పొట్ట మీద చేసే నాలుగు గ్రిప్పులు, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా ముందుకెళ్తోందో గీసే చార్టు) ఒకసారి తిరగెయ్యండి చాలు. సెకండ్ల ముల్లున్న వాచీ తప్పనిసరి, ఫోన్‌లో టైమ్ చూసుకుంటానంటే గ్లవ్స్ చేతులతో కుదరదు. గోళ్లు కత్తిరించుకోండి, గాజులు, ఉంగరాలు తీసెయ్యండి, జడ ముడేసుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో చూసుకోండి. కడుపు నిండా తిని వెళ్లండి, ఎందుకంటే రద్దీ రోజు మధ్యాహ్నం షిఫ్టులో టీ కూడా దొరకదు. కోఠి, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రుల్లాంటి చోట అయితే ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను.

మొదటి గంట: గదిని తెలుసుకోండి

హెడ్ సిస్టర్‌కి పేరు, కాలేజీ, ఏ సంవత్సరమో చెప్పి, ఆయమ్మని పలకరించి, ఆ తర్వాత గదంతా ఒకసారి తిరగండి. ఆయమ్మని ఎందుకంటే, ఆ గదిలో ఏ వస్తువు ఎక్కడుందో అందరికంటే ముందు చెప్పేది ఆవిడే, కొత్తగా వచ్చిన తల్లి భయపడుతుంటే ముందు పసిగట్టేదీ ఆవిడే.

కేంద్ర ఆరోగ్య శాఖ టూల్‌కిట్ ప్రకారం లేబర్ రూమ్‌లో ఏడు ట్రేలు ఉండాలి: డెలివరీ ట్రే, ఎపిసియోటమీ (బిడ్డ వచ్చే దారి దగ్గర పెట్టే గాటు) ట్రే, బేబీ ట్రే, మందుల ట్రే, ఎమర్జెన్సీ మందుల ట్రే, ఎంవీఏ (గర్భసంచిలో మిగిలింది పీల్చి తీసే పరికరం) ట్రే, పీపీఐయూసీడీ (కాన్పయ్యాక వేసే కాపర్-టి) ట్రే. పేర్లు బట్టీ పట్టడం కంటే ఒక్కోటి తెరిచి చూడండి. ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగుసుకునేలా చేసే మందు) ఫ్రిజ్‌లో ఎక్కడుంది? అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. కాల్షియం గ్లూకోనేట్ (ఫిట్స్‌కి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కువైతే విరుగుడు) ఎక్కడుంది? బేబీ వార్మర్ స్విచ్ ఏది? బిడ్డకి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్‌కి 0, 1 సైజు మాస్కులు రెండూ ఉన్నాయా? బ్యాగ్‌ని అరచేతికి ఆనించి నొక్కి చూడండి, గాలి తగులుతుందా లేదా. ఎమర్జెన్సీలో "సిస్టర్, అది ఎక్కడుంది?" అని అడిగే టైమ్ ఉండదు. ఆ గంటలో ఇంకేమీ చెయ్యకపోయినా పర్వాలేదు.

తల్లిని ఎంచుకోవడం, వివరాలు అడగడం

నొప్పులు మొదలై అప్పుడే అడ్మిట్ అయిన తల్లిని, స్టాఫ్ సిస్టర్‌ని అడిగి తీసుకోండి. ముందు ఆవిడ దగ్గరికెళ్లి మీ పేరు చెప్పండి, స్టూడెంట్ అని దాచకుండా చెప్పండి, "అమ్మా, మీ పక్కనే ఉంటాను, మీకు ఇబ్బంది లేదు కదా?" అని అడగండి. వద్దంటే వద్దు, ఇంకొకరిని అడగండి. పక్క తెర లాగడం మర్చిపోవద్దు.

ఆ తర్వాత ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు), స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు. ఎన్నో కాన్పు, ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది (దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి మీ చేత్తో మీరు డేట్ లెక్క కట్టండి, కార్డులో రాసింది సరిపోయిందో చూడండి), బీపీ, షుగర్, థైరాయిడ్ ఉన్నాయా, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. 7 గ్రాముల రక్తంతో వచ్చిన తల్లికి కాన్పులో పోయే మామూలు రక్తం కూడా ప్రమాదమే, ఆ సంగతి ముందే తెలిస్తే రక్తం సిద్ధం చేసుకోవచ్చు.

పొట్ట మీద పాత ఆపరేషన్ గాటు ఉందేమో కూడా చూడండి. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5 శాతం. అందుకే రెండో కాన్పుకొచ్చే వాళ్లలో గాటు ఉన్నవాళ్లు మీకు చాలామంది తగులుతారు. అలాంటి తల్లికి నొప్పీ నొప్పీ మధ్య కూడా గాటు దగ్గర నొప్పి ఆగకపోతే, నాడి వేగం పెరుగుతుంటే వెంటనే చెప్పాలి.

ప్రశ్నలు ఆవిడ భాషలో అడగండి. "నీళ్లు పోయినయా? ఏ రంగులో పోయినయి? బిడ్డ తిరుగుతుందా? తల నొప్పిగా, కళ్లు మసకగా ఉందా?" ఈ నాలుగూ అడిగితే ముఖ్యమైనవి చాలావరకు బయటపడతాయి. నొప్పి వచ్చినప్పుడు ప్రశ్న ఆపెయ్యండి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి.

పొట్ట మీద చెయ్యి

ఈ పోస్టింగ్‌లో మీరు నిజంగా సంపాదించుకోవాల్సిన విద్య ఇది. మెషీన్లు వచ్చాక దీన్ని వదిలేస్తున్నారు, నాకు అది బాధగా ఉంటుంది.

అరచెయ్యి గర్భసంచి పై భాగం మీద మెల్లగా పెట్టండి, గుచ్చొద్దు, నొక్కొద్దు. వాచీ చూస్తూ పూర్తిగా పది నిమిషాలు కదలకండి. మూడు నిమిషాలు చూసి లెక్క కట్టేస్తే అంకె వస్తుందేమో గానీ ఆ తల్లి నొప్పులు ఎలా ఉన్నాయో తెలియదు. చేతి కింద గర్భసంచి బిగుసుకోవడం మొదలైనప్పుడు సెకండ్లు లెక్కపెట్టండి, వదులయ్యే దాకా. 20 సెకండ్ల లోపా, 20 నుంచి 40 మధ్యా, 40 దాటిందా? బలం ఎంతో తెలియాలంటే పాత సిస్టర్లు చెప్పే కొలత ఒకటుంది: మీ ముక్కు కొస నొక్కి చూసుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో అది చిన్న నొప్పి, గడ్డం అంత గట్టిగా ఉంటే మధ్యరకం, నుదురంత గట్టిగా, వేలు దిగకుండా ఉంటే బలమైన నొప్పి. గమనించారో లేదో, తల్లి మొహంలో నొప్పి కనిపించేలోపే మీ చేతికి తెలుస్తుంది. "ఇప్పుడు వస్తోందమ్మా, ఊపిరి తీసుకోండి" అని ముందే చెప్పగలిగితే ఆవిడకి మీ మీద నమ్మకం కుదురుతుంది.

నొప్పుల మధ్యలో పొట్ట పూర్తిగా వదులవ్వాలి. అవ్వకపోయినా, పది నిమిషాల్లో ఐదుకి మించి వస్తున్నా, అది మంచి నొప్పి కాదు. ముఖ్యంగా ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తుంటే వెంటనే సిస్టర్‌ని పిలవాలి.

బిడ్డ గుండె చప్పుడు డాప్లర్‌తో గానీ ఫీటోస్కోప్‌తో గానీ వినండి. ఫీటోస్కోప్ దొరికితే అదే ముందు నేర్చుకోండి, కరెంటు లేని పీహెచ్‌సీలో అదే దిక్కు. వీపు ఎటుందో పొట్ట పట్టుకుని తెలుసుకున్నాక ఆ వైపే వెతకండి. నొప్పి తగ్గిన వెంటనే, పూర్తి నిమిషం పాటు, రెండో చెయ్యి తల్లి నాడి మీద పెట్టి వినాలి, లేకపోతే తల్లి నాడినే బిడ్డదనుకునే ప్రమాదం ఉంది. మామూలుగా నిమిషానికి 110 నుంచి 160. నొప్పులు జోరందుకున్నాక ప్రతి అరగంటకీ, ముక్కే దశలో ప్రతి ఐదు నిమిషాలకీ.

పీవీ గురించి

పీవీ అంటే వేళ్లతో లోపల గర్భసంచి ముఖద్వారం చూసే పరీక్ష. స్టూడెంట్లు అన్నిటికంటే ఎక్కువ ఎదురుచూసేది దీనికే, తల్లులకి అన్నిటికంటే కష్టమైనదీ ఇదే. నాలుగు గంటలకోసారి చాలు. ఒకే తల్లికి సిస్టర్ చూసి, పీజీ డాక్టర్ చూసి, వెనకాల ముగ్గురు స్టూడెంట్లు చూడటం నాకు ఏమాత్రం సమ్మతం కాదు, ఇన్ఫెక్షన్ సంగతి పక్కన పెట్టినా అది ఆవిడ ఒళ్లు. మీ వంతు వచ్చినప్పుడు పెద్దవాళ్లు పక్కనుండగా, ఆవిడని అడిగి, నొప్పి లేనప్పుడు, ఒక్కసారే చెయ్యండి. ఎంత తెరుచుకుంది, ఎంత పల్చబడింది, తల ఎంత దిగింది, ఉమ్మనీటి సంచి ఉందా పోయిందా, పోతే నీళ్లు ఏ రంగు: ఈ ఐదూ ఒకేసారి తెలుసుకుని బయటికి రావాలి. మీరు ఎన్ని సెంటీమీటర్లు అనుకున్నారో ముందు చెప్పి, తర్వాత సిస్టర్ ఎంత అన్నారో వినండి. రక్తస్రావంతో వచ్చిన తల్లికి మాత్రం మాయ (ప్లాసెంటా) కింద లేదని తేలేదాకా పీవీ జోలికి వెళ్లకూడదు.

పార్టోగ్రాఫ్

చాలా చోట్ల కాన్పయ్యాక కూర్చుని పార్టోగ్రాఫ్ నింపుతారు. దాని వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. మీరు ఒక్క తల్లితో ఉన్నారు కాబట్టి ఆ గదిలో దాన్ని నిజంగా ఎప్పటికప్పుడు నింపగలిగేది మీరే. పాత షీటులో 4 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది, అలర్ట్ గీత గంటకి ఒక సెంటీమీటరు చొప్పున పైకి వెళ్తుంది, దానికి నాలుగు గంటలు కుడివైపు యాక్షన్ గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది, ఆ రెండు గీతలు లేవు, తోడు మనిషి ఉన్నారా, నీళ్లు తాగారా, నొప్పికి ఏం చేశారు అనేవి కూడా రాయాలి. మీ ఆసుపత్రిలో ఏ షీటు ఉంటే దాన్నే పాటించండి, కానీ రెండూ తెలిసి ఉండండి, వైవాలో అడుగుతారు.

నోటి మాట

దీని గురించి ఎవరూ క్లాసు తీసుకోరు. లేబర్ రూమ్‌లో అరుపులు, తిట్లు, తొడ మీద దెబ్బలు మన దగ్గర ఉన్నాయి. అందరికీ తెలుసు. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" లాంటి మాట మీ ముందు ఎవరైనా అంటే అది నేర్చుకోవాల్సిన పని కాదని గుర్తుంచుకోండి. 2017 డిసెంబరులో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమంలోనే తల్లికి మర్యాద, తెర చాటు, తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని స్పష్టంగా ఉంది. తల్లో, అక్కో, ఆడబిడ్డో లోపల ఉంటే తల్లి ధైర్యంగా ఉంటుంది.

మీరు చెయ్యగలిగేవి చాలా ఉన్నాయి. నడుం కింద భాగం అరచేత్తో గట్టిగా రుద్దడం, అటూ ఇటూ నడిపించడం, ఎడమ వైపు తిరిగి పడుకోబెట్టడం, ఆపరేషన్ పడే సూచన లేని తల్లికి డాక్టరుని అడిగి మజ్జిగో కొబ్బరినీళ్లో ఇవ్వడం, రెండు గంటలకోసారి మూత్రానికి తీసుకెళ్లడం. బయట కూర్చున్న వాళ్లకి గంటకోసారి వెళ్లి "అమ్మ బాగానే ఉంది, ఇంకా టైమ్ పడుతుంది" అని చెప్పడం కూడా. గొడవలు చాలావరకు లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం వల్లే మొదలవుతాయి.

కాన్పు

వార్మర్ ముందే వేసి ఉంచండి, బిడ్డని తుడిచే రెండు తువ్వాళ్లు దాని మీద పెట్టండి, ఫ్యాను ఆపండి. ఆక్సిటోసిన్ 10 యూనిట్లు సిరంజిలోకి తీసి సిద్ధంగా పెట్టుకోవాలి. మన దగ్గర ఆంపూల్ మామూలుగా 5 యూనిట్లది, కాబట్టి రెండు. అయినా లేబుల్ చదవండి.

తల కనిపించేటప్పుడు ఎడమ చెయ్యి తల మీద, అది ఒక్కసారిగా దూసుకురాకుండా. కుడి చెయ్యి గుడ్డతో కింద భాగానికి ఆసరా. ఈ టైమ్‌లో "ముక్కు, ముక్కు" అని అరవడం మానేసి, చిన్న చిన్నగా ఊపిరి వదలమనండి. చీలికలు తగ్గేది ఇక్కడే. తల వచ్చాక మెడ చుట్టూ పేగు ఉందేమో వేలితో చూసి, తల దానంతట అది పక్కకి తిరిగేదాకా ఆగి, అప్పుడు భుజాలు. తొలి కాన్పు అయినంత మాత్రాన ప్రతి ఒక్కరికీ ఎపిసియోటమీ అక్కర్లేదు. పొట్ట మీద ఎక్కి నొక్కడం అసలే కూడదు. మిమ్మల్ని నొక్కమంటే "నాకు నేర్పలేదు మేడమ్" అని పక్కకి తప్పుకోండి.

బిడ్డ తల్లి పొట్ట మీదికి. ఆరబెట్టినట్టు తుడవండి, తడి గుడ్డ తీసేసి పొడిది కప్పండి. ఏడ్చిందా? ఏడిస్తే ముక్కులో గొట్టాలు పెట్టక్కర్లేదు, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డు కట్ చెయ్యొచ్చు. ఏడవకపోతే వీపు రుద్ది, అప్పటికీ ఊపిరి లేకపోతే బొడ్డు కట్ చేసి వార్మర్ మీదికి, మొదటి నిమిషం దాటకుండా బ్యాగ్, మాస్కుతో ఊపిరి. ఆ నిమిషంలో మీ పని టైమ్ గట్టిగా చెప్పడం. "ముప్పై సెకండ్లు. నలభై ఐదు." టైమ్ చెప్పే మనిషి ఉంటే మిగతా వాళ్ల చేతులు తడబడవు.

బిడ్డ ఆడో మగో తల్లికే ముందు చూపించి, ఆవిడ నోటితోనే చెప్పించండి. తర్వాతే బయటికి కబురు. ఆడపిల్ల అని చెప్పేటప్పుడు గొంతు తగ్గించకండి. విటమిన్ కె 1 మి.గ్రా., బరువు, చేతికి ట్యాగు, గంటలోపు ముర్రుపాలు. వీటిలో బరువు తూచడం కాసేపు ఆగినా పర్వాలేదు, పాలు ఆగకూడదు.

మాయ, ఆ తర్వాత రెండు గంటలు

అందరూ వెళ్లిపోయే టైమ్ ఇదే. మీరు మాత్రం ఉండండి. తల్లులు చనిపోయేది ఎక్కువగా రక్తం పోవడం వల్లే, రక్తం పోయేది ఎక్కువగా ఈ గంటల్లోనే.

లోపల ఇంకో బిడ్డ లేదని పొట్ట పట్టుకుని చూశాక, నిమిషంలోపు ఆక్సిటోసిన్ తొడకి. మాయ దిగాక దాన్ని ట్రేలో పరిచి నిజంగా చూడండి: తల్లి వైపు భాగంలో తునకలు అన్నీ అతుక్కుని ఉన్నాయా, పొరలు పూర్తిగా ఉన్నాయా, బొడ్డు తాడు కోసిన చోట రెండు ధమనులు, ఒక సిర కనిపిస్తున్నాయా. చిన్న ముక్క లోపల ఉండిపోయినా రక్తం ఆగదు.

రెండు గంటల పాటు ప్రతి 15 నిమిషాలకీ నాడి, బీపీ, గర్భసంచి, ప్యాడు. గర్భసంచి బొడ్డు దగ్గరో కొంచెం కిందో గట్టిగా తగలాలి. పైకి పోయి, కుడివైపుకి ఒరిగి ఉంటే ముందు మూత్రం పోయించండి, నిండిన మూత్రసంచి దాన్ని బిగుసుకోనివ్వదు. ప్యాడు ఒక్కటే చూసి "బ్లీడింగ్ తక్కువే" అనుకోవద్దు. తల్లిని మెల్లగా పక్కకి తిప్పి నడుం కింద చెయ్యి పెట్టి చూడండి, వెనక్కి కారిన రక్తం అంతా రబ్బరు షీటు మడతల్లో చేరి ఉంటుంది. కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెప్తుంది. కొలత గీతలున్న డ్రేప్ (కింద పరిచి రక్తం పట్టే ప్లాస్టిక్ సంచి) ఉంటే వాడమని అడగండి. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వచ్చిన ఈ-మోటివ్ అధ్యయనంలో ఇలా కొలిచి, గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్, ట్రానెక్సమిక్ యాసిడ్ (రక్తం ఆగడానికి ఇచ్చే మందు), సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట తీవ్రమైన రక్తస్రావం, దాని వల్ల జరిగే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి.

ఏదైనా తేడా వస్తే

స్టూడెంటుగా మీ మొదటి పని పిలవడం. "మేడమ్, ఒకసారి రండి" అంటే ఎవరూ రారు. ఇలా చెప్పండి: "మేడమ్, మూడో బెడ్, తొలి కాన్పు, 39 వారాలు, 6 సెంటీమీటర్లు. పది నిమిషాల్లో ఆరు నొప్పులు వస్తున్నాయి, బిడ్డ గుండె చప్పుడు 96. ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తోంది. ఇప్పుడే రావాలి." చెప్పి ఫోన్ పెట్టేసి తల్లి దగ్గరికి వెళ్లి ఎడమ వైపు తిప్పండి. తిడతారేమోనని ఆగొద్దు, అనవసరంగా పిలిచినందుకు తిట్లు తిన్నా నష్టం లేదు.

రక్తస్రావంలో: గట్టిగా కేకేసి పిలవడం, గర్భసంచి మసాజ్ ఆపకుండా చెయ్యడం, టైమ్ రాసుకోవడం. ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము కాన్పయిన మూడు గంటలలోపే పడాలి, అందుకే మీరు రాసిన కాన్పు టైమ్ అవసరమవుతుంది. ఫిట్స్‌లో: పక్కకి తిప్పి, కింద పడకుండా పట్టుకుని, నోట్లో ఏమీ పెట్టకుండా. మెగ్నీషియం సల్ఫేట్ మీరు ఇవ్వరు, కానీ ఇచ్చాక మోకాలి రిఫ్లెక్స్ ఉందా, ఊపిరి నిమిషానికి 16 పైన ఉందా, మూత్రం గంటకి కనీసం 30 మి.లీ. వస్తోందా అని చూసే పని మీకే పడుతుంది. వీటిలో ఏది తగ్గినా తర్వాతి డోసు ఆపాలి, కాల్షియం గ్లూకోనేట్ దగ్గరుండాలి.

సూది మీకు గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడిగి అప్పటికప్పుడే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు రెండు గంటలలోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, కోర్సు 28 రోజులు. సిగ్గుపడి హాస్టల్‌కి వెళ్లిపోయిన పిల్లలు ఉన్నారు, దయచేసి అలా చెయ్యకండి.

బిడ్డ దక్కకపోతే

ఏదో ఒక రోజు ఇది కూడా చూస్తారు. ఆ తల్లిని పిల్లలున్న తల్లుల మధ్య పడుకోబెట్టకుండా వేరే మంచం కోసం సిస్టర్‌ని అడగండి. చూస్తానంటే బిడ్డని శుభ్రంగా చుట్టి చేతికివ్వాలి. "మళ్లీ పుడతారులే" అనొద్దు, ఏం మాట్లాడాలో తోచకపోతే చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు. ఆవిడకి కూడా అదే 15 నిమిషాలకోసారి నాడి, బీపీ, గర్భసంచి చూడాలి, ఏడుస్తోంది కదా అని వదిలెయ్యకూడదు. మీకు ఏడుపొస్తే బయటికెళ్లి ఏడ్చి రండి, తర్వాత మీ ట్యూటర్‌తో మాట్లాడండి.

షిఫ్టు అయ్యాక

రికార్డు అదే రోజు రాయండి. టైములు, పార్టోగ్రాఫ్ కాపీ, పోయిన రక్తం, బిడ్డ బరువు, ఆప్గార్ స్కోరు (పుట్టిన బిడ్డ పరిస్థితికి వేసే మార్కులు) 1 నిమిషానికి, 5 నిమిషాలకి. తల్లి పేరు రాయకుండా ఐపీ నంబర్ చాలు. ఫోటోలు, రీల్స్ అసలే వద్దు, బిడ్డ కాలి వేళ్లవైనా సరే. మీరు చూసిన కాన్పుని చేసినట్టు రాయొద్దు, సిస్టర్లకి ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుంటుంది. సంతకం షిఫ్టు మారకముందే తీసుకోండి, మర్నాడు ఆ సిస్టర్ నైట్ డ్యూటీలోకి వెళ్లిపోతే వారం తిరగాలి. వెళ్లేముందు మీ తల్లిని తర్వాతి షిఫ్టు స్టూడెంటుకి బెడ్ దగ్గరే అప్పజెప్పండి: ఎన్నింటికి కాన్పయింది, గర్భసంచి ఎలా ఉంది, మూత్రం పోసిందా, బిడ్డ పాలు పట్టిందా, మళ్లీ ఎన్నింటికి చూడాలి.